తీగలో తిరిగే మాట

తీగ మూతి తుడవనిదే గవర్రాజు ఎవరినీ పలకరించడు. గాజు తీగల్లో మాటల్ని వెలుగుగా పంపే వెలుగు మండలిలో మొదటి రోజే నేర్పే పద్ధతి అది: ముందు తుడుపు, తర్వాత పలుకు. ఇంట్లో అడుగు పెట్టగానే గోడ దగ్గర చతికిలబడి, గోడ పెట్టెలోంచి ఆ మూతి ఊడదీసి, మెత్తటి గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టేస్తే సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి. మిగతా సగం ఆ ఇంటివాళ్ళిచ్చే కాఫీలో కరిగిపోతాయి.

జగన్నాథపురంలోని ఆ ఇంట్లో కూడా అతని చెయ్యి అలవాటుగా గోడ వైపు వెళ్ళింది. మాణిక్యాంబ అనే ఆ ఇంటి ముసలావిడ మణికట్టు పట్టుకుని ఆపింది.

"తియ్యకు నాయనా. తీస్తే ఆయన పోతారు."

గవర్రాజు ఇల్లంతా కలియజూశాడు. ఆయనెవరూ కనబడలేదు. మడత కుర్చీ, దాని మీద మడత నలగని కండువా, గోడ మీద ఫోటో ఉండాల్సిన చోట నలుచదరపు తెల్ల మచ్చ. పదకొండో రోజు తుడుపు జరిగిన ఇళ్ళన్నీ అలాగే ఉంటాయి. ఒకప్పుడు పోయినవాళ్ళ గొంతులూ ముఖాలూ పెట్టెల్లో నిలవ ఉంచుకునేవారు. ఆ ప్రతులు పెరిగి పెద్దవై, సంబంధాలు కుదిర్చి, పొలాల తగవులు తీర్చి, చివరికి ఓట్లు కూడా అడిగేసరికి నిలవ నిషేధం వచ్చింది. అప్పట్నుంచీ పదకొండో రోజున మండలి మనిషి వచ్చి అన్నీ తుడిచిపోతాడు. గవర్రాజు ఎన్నో ఇళ్ళు తుడిచాడు, తన తల్లితో సహా. ఆవిడ ఏమనేదో ఇప్పటికీ జ్ఞాపకమే. ఎలా అనేదో మాత్రం జ్ఞాపకం లేదు.

చెవికి పెట్టుకున్న ఫోన్లో కనకం అడిగింది, పనయిందా అని. కనకం అతని సూపర్‌వైజరు. తనింట్లోనూ మైల కాబట్టి గడప దాటకుండా, అక్కడి నుంచే ఊరి తీగలన్నీ కనిపెడుతోంది. ఒకవైపు కనకం, ఒకవైపు మాణిక్యం, మధ్యలో ఇత్తడి చెంబులా తను. ఈ మాట పైకి అంటే మామూలుగా కనకం నవ్వేది. ఈ వారం నవ్వడం లేదు కాబట్టి మింగేశాడు.

సంగతేమిటంటే, మాణిక్యాంబ ఇంట్లో తెర లేదు, ఆట లేదు, చదువుకునే పిల్లల్లేరు. అయినా గిగాబిట్టు తీగ రాత్రింబవళ్ళు నిండుగా పారుతోంది. సెకనుకి వంద కోట్ల వెలుగు చుక్కలు. ఒంటరి ముసలావిడకి అన్ని చుక్కలెందుకు, ఆరుబయట పడుకుని లెక్కపెట్టుకోడానికా? విదిలించి రమ్మంది కనకం. విదిలింపంటే మూతి ఊడదీసి పెట్టడమే. తీగలో తిరిగే చెత్తంతా రాలిపోతుంది. అతను చెయ్యకపోతే మధ్యాహ్నానికి ఎక్స్ఛేంజి దగ్గర ఆ తీగని కనకమే కోయించెయ్యాలి, పైవాళ్ళ ఆజ్ఞ.

అప్పుడే గోడ మీది పలుకుపెట్టె పలికింది.

"మాణిక్యం, పాలు పొయ్యి మీదున్నాయి. చూసుకో."

మగ గొంతు. కాస్త జీర, ఆ జీర వెనకాల కాస్త నవ్వు. గవర్రాజు గిరుక్కున పెట్టె వైపు తిరిగాడు. మాణిక్యాంబ అటు తిరగను కూడా తిరగలేదు. "ఊఁ" అంది, కాపురమంతా అన్నట్టే.

ఆవిడ మెల్లగా చెప్పుకొచ్చింది. భర్త భీమశంకరం ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యాడట. మంచం పట్టకముందే ఈ ఇంటి తీగకి ఎక్స్ఛేంజిలో ఉన్న అవతలి కొసన అద్దం ముక్క అమర్చి వచ్చాడట. మాట వెలుగై వెళ్ళి అద్దానికి కొట్టుకుని వెనక్కొస్తుంది, పెట్టె దాన్ని మళ్ళీ తోస్తుంది, మళ్ళీ వస్తుంది. ఎక్కడా నిలవ లేదు. చట్టం నిలవున్నదాన్ని తుడవమంటుంది గాని నిలవనిదాని జోలికి రాదు.

తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు. ఇక్కడ తీగ లాగితే డొంకే మిగలదు.

"ఒక్కటడుగుతాను బాబూ. వంద కోట్లంటున్నావు. మరి ఆయన మొత్తం ఎందుకు పట్టలేదు? పాల మాటొక్కటే ఎందుకు పట్టింది?"

"ఆయ్. గిగాబిట్టంటే గంగాళం కాదండి, గొట్టం. ఎంత వేగంగా పారుద్దో చెప్పుద్ది గాని, ఎంత పట్టుద్దో చెప్పదు. మీ గోడ కాణ్ణుంచి ఎక్స్ఛేంజికెళ్ళి వచ్చేలోగా తీగలో ఇమిడేది ఆ ఒక్క మాటేనండి. మనిషి మొత్తం ఇమడాలంటే చందమామ దాకా తీగ లాగినా చాలదు."

మాణిక్యాంబ తలూపింది. ఇన్నాళ్ళూ ఆయన పిసినారితనమనుకుందట.

గవర్రాజు కిటికీ వైపు చూశాడు. చూరు కింద నుంచి ఊరి వలయం తీగ పోతోంది, కాకినాడలో ప్రతి గుమ్మాన్నీ తాకి మొదటికొచ్చే తీగ. అందులో పడితే మాటకి అంతుండదు. చిరునామా లేని మాట ఏ పెట్టెకి తగిలితే ఆ పెట్టె పలుకుతుంది. దాన్ని రాల్చాలంటే ఊరంతటినీ ఒకేసారి విదిలించాలి. తన ఉద్యోగం రాలడానికి అంత శ్రమ అక్కర్లేదు. ఇంటి తీగ విదిలించేలోగా ఆయన మాటని అందులోకి మళ్ళించొచ్చని, ఇవన్నీ ఆవిడకి వివరంగా చెప్పాడు.

"అది నాకొక్కదానికి చెప్పిన మాట" అందావిడ. "నా పేరుంది అందులో. ఊరూవాడా నా పేరు పెట్టుకుని పాలు చూసుకుంటారా?"

ఆవిడ కుర్చీ మీది కండువా తీసి, దులిపి, మళ్ళీ అదే మడత పెట్టింది.

"బతికున్నన్నాళ్ళూ మాత్రం నాకెక్కడ మిగిలారులే. అన్నం ముందు కూచున్నా, ఎవరి లైను పోయిందన్నా పరిగెత్తేవారు. పోనియ్. ఆయన ఊళ్ళోకే పోనియ్."

తీగని విరగకుండా వంచితే వంపు దగ్గర వెలుగు చెమటలా ఊరుతుంది. మండలి దాన్ని వంపు నష్టమంటుంది. చేస్తున్నది వంపో వంచనో గవర్రాజుకే తెలియలేదు. ఇంటి తీగని కిటికీ దాకా లాగి వంచి, ఊరిన వెలుగుని వలయం తీగ మీదికి పట్టాడు. చేతిలోని కొలతపెట్టె మీద సన్నటి అల ఒకటి లేచి, ఊళ్ళోకి సాగిపోయింది. వలయం పొడుగు. ఈ మాట పోగా ఇంకా బోలెడు చోటు. అందులో వేయడానికి గవర్రాజు దగ్గర ఏమీ లేదు.

అప్పుడు ఇంటి తీగ మూతి ఊడదీశాడు. తుడిచాడు. పెట్టాడు. పద్ధతి ప్రకారం తలెత్తి, "బాగున్నారా అమ్మా" అని పలకరించాడు.

మాణిక్యాంబ పెట్టె వైపే చూస్తోంది. పెట్టె మాట్లాడలేదు. వంటింట్లోంచి గడియారం చప్పుడు మొదటిసారి వినిపించింది.

ఈ తీగ శుభ్రమైందని చెవిలో కనకం ఒప్పుకుంది. కానీ ఊరి వలయం వేగం వెంట్రుకవాసి తగ్గిందే, ఏం చేశారని నిలదీసింది. గవర్రాజు అబద్ధం వెతుక్కుంటుండగా, కనకం వెనకాల, ఆమె ఇంటి పెట్టెలోంచి, జీరగా ఒక గొంతు వినిపించింది.

"మాణిక్యం, పాలు పొయ్యి మీదున్నాయి. చూసుకో."

కనకం మాట సగంలో తెగింది. చెప్పుల చప్పుడు. గిన్నె దించిన చప్పుడు. మాణిక్యాంబ ఏమైందని కళ్ళతోనే అడిగింది. పాలు చూడ్డానికెళ్ళిందన్నాడు గవర్రాజు. ఇక తన ఉద్యోగం సంగతి తేలిపోయినట్టే అనుకున్నాడు.

కనకం తిరిగొచ్చింది. గొంతు బాగా తగ్గించింది, మండలికి వినబడకూడదన్నట్టు.

"గవర్రాజు గారూ, ఎల్లుండి మా నాన్నకి పదకొండో రోజు. ఆ వలయంలో ఇంకా చోటుందా?"