గోడవారన మచ్చ

ఆ ఉదయం కూడా ఐర్లండులోని డొనెగాల్‌లో తుంపర పడుతూనే ఉంది. తండ్రి కోర్మక్ నిద్ర లేవకముందే ఊనా దొడ్లోకి వెళ్లి, దక్షిణపు గోడవారన ఉన్న ఆయన టమాటా మొక్కల్లో గోధుమరంగు మచ్చలున్న ఆకులన్నీ తుంచి, తెచ్చి పొయ్యిలో పడేసింది. వారం నుంచీ ఇదే దొంగపని.

మచ్చ కనబడితే ఆ పూటే మొక్కలన్నీ పీకేసి సంచిలో కట్టెయ్యాలి. ఆలస్యం చేస్తే తెగులు గాలివాటున పక్క దొడ్లకు పాకుతుంది. ఈ వానల సీమలో ఇది తెలియని వాళ్లు లేరు, ఊనాకీ తెలుసు. కానీ పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక, గోడకేసి తిరిగి పడుకున్న మనిషిని మళ్లీ లేపినవి ఆ మొక్కలే. ఎడంచేత్తోనే నారు పోశాడు, కర్రలకు కట్టాడు. వాటిని పీకెయ్యి నాన్నా అని ఏ నోటితో చెబుతుంది? పైగా మంచిపనే చేస్తున్నాననుకుంది!

"కింద ఆకులేవే అమ్మాయ్?" అని నిన్న కోర్మక్ అడగనే అడిగాడు.

"గాలి ఆడాలని నేనే కోశాను నాన్నా."

"నయమే, ఇన్నాళ్లకి ఒక్క ముక్క వంటబట్టింది" అని నవ్వాడాయన. ఆ నవ్వు చూసి ఊనాకి రాత్రి ముద్ద దిగలేదు.

కోర్మక్ లేచి వచ్చాక, ఊనా టీ కాస్తుండగా తలుపు దబదబా మోగింది. గోడకి అవతలి ఇంట్లో ఉండే మేనత్త నోరీన్. చేతిలో నల్లబడిపోయిన టమాటా కొమ్మ.

"ఏం అన్నయ్యా, నా దొడ్డి మాడిపోయాక చెబుదామనుకున్నావా? టమాటాలు పోయాయి, బంగాళాదుంపలకీ ఎక్కింది! మచ్చ చూసిన పూటే పీకాలని నాకు నేర్పిందెవరు? నువ్వు కాదూ?"

"నా వాటికేం లేదే" అంటూ కోర్మక్ చేతికర్ర అందుకున్నాడు. "వానలో ఎందుకు నాన్నా" అని ఊనా అంటున్నా ఆగకుండా దొడ్లోకి నడిచాడు.

నోరీన్ ఒక మొక్కను పక్కకి వంచి చూపించింది. గోడవైపు కాండం మీద జానెడు నల్లమచ్చ. అక్కడికి ఊనా చెయ్యీ పోలేదు, కన్నూ పోలేదు.

కోర్మక్ దాన్ని వేలితో తడిమి చూశాడు. మొహం పాలిపోయింది. "రోజూ చూస్తూనే ఉన్నానే నోరీన్... నాకు కనబడలేదు" అన్నాడు. తడిసిన బల్ల మీద కూలబడ్డాడు. "పక్షవాతంతో చూపు కూడా కొంత పోయి ఉండొచ్చని డాక్టరు అంటే దబాయించి వచ్చాను. నిజమే కాబోలు. ఊనా, ఇంక నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వకమ్మా. ఇల్లు తగలబెడతానేమో."

నోరీన్ కోపమంతా చల్లారిపోయింది. ఊనా ఇక దాచలేకపోయింది.

"నీ కళ్లకేం కాలేదు నాన్నా! వారం నుంచీ మచ్చలున్న ఆకులు నేనే తుంచి కాల్చేస్తున్నాను. నీకు తెలిస్తే మళ్లీ మంచం పడతావని... అత్తా, నీ దొడ్డి పాడుచేసింది నేను. నాన్న కాదు."

"ఓసి పిచ్చిదానా!" అంది నోరీన్.

కోర్మక్ కూతురి వంక తిరిగాడు. "నా చూపు చెడిపోయిందనుకున్నాను, తెలుసా నీకు? మొక్కలు పోతే ఏడుస్తాను, అంతేగా! నలభై ఏళ్లలో ఎన్నిసార్లు పోలేదు? నన్ను బొమ్మని చేసి ఆడించావే."

"తప్పయిపోయింది నాన్నా." ఏడుపు తన్నుకొచ్చింది. కాపాడుతున్నానంటూ ఆయన్ని ఎంత చిన్నవాణ్ణి చేసిందో అప్పుడు తెలిసొచ్చింది ఆమెకి.

"ఏడుపు తర్వాత. సంచి పట్రా. నోరీన్, ఇది కాగానే నీ దొడ్లోకి వస్తాం ఇద్దరం."

ఆయన వంగి మొదటి మొక్కను ఎడంచేత్తో పట్టి లాగాడు. రాలేదు. ఊనా చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది. ఆయన గుడ్లురిమాడు. చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్లీ లాగాడు, కాళ్లు జారాయి, మొక్క వేళ్లతో సహా ఊడివచ్చి ఆయన బురదలో చతికిలబడ్డాడు. లేపుదామని ఆడవాళ్లిద్దరూ కదలబోయి ఆగిపోయారు. కర్ర ఊతగా, రొప్పుతూ తనే లేచాడు కోర్మక్.

"ఇంకోటి" అన్నాడు.

ఊనా కళ్లు తుడుచుకోకుండానే సంచి మూతి ఇంకాస్త వెడల్పుగా తెరిచి పట్టుకుంది.