వెనక నుంచి పిలిచిన ఏజెంట్

“కొరియర్ ఎవరో తెలిసింది,” అన్నాడు చీఫ్. “బైరప్ప. ఉద్దనపల్లి. మీ అన్న.”

కృష్ణగిరి ట్రావెలర్స్ బంగళాలో ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు. ఏజెంట్ ప్రసాదు బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. ఢిల్లీలో ఉన్నవాణ్ణి ఇన్సూరెన్సు ఉద్యోగి వేషంలో సొంత ఊరి పక్కకి రప్పించినప్పుడే అతనికి అనుమానం వచ్చింది. అది 1983 మార్చి.

చీఫ్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. ఆయనకి భోజనం కంటే బ్రీఫింగే ఇష్టం.

“ఆపరేషన్ కాలిబాట. హోసూరులో ఒక ఫ్యాక్టరీ మన రాడార్లకి విడిభాగాలు చేస్తోంది. ఆ డ్రాయింగుల్ని ఎవరో మైక్రోఫిల్ము తీశారు. ఒక విదేశీ ముఠా దాన్ని యూరప్‌కి దాటిస్తోంది. మీ అన్న ఆ ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటర్. ఎల్లుండి యూరప్ వెళ్తున్నాడు. స్పెయిన్ నుంచి గ్రీసు దాకా కాలినడకన పోతాడట! కొండల్లో సరిహద్దు దాటితే అడిగేవాడు ఉండడు. ఇంత మంచి కవర్ నా సర్వీసులో చూడలేదు.”

“అది కవర్ కాదు సర్. ఏళ్ల తరబడి ప్లాన్ చేసుకుంటున్నాడు.”

“అందుకే మంచి కవర్ అన్నాను.”

“ఇన్ఫర్మేషన్ ఎవరిచ్చారు?”

“మల్లి.”

మల్లి అన్న కోడ్ పేరు పుష్పవతిది. హోసూరు బజారులో పట్టుచీరల అంగడి వాళ్ల ఆడపడుచు. నల్ల కళ్లద్దాలు, తెల్ల ఫియట్ కారు, గడగడా ఫ్రెంచి. పైకి ఒక యూరప్ వాకింగ్ క్లబ్బుకి ఇండియా సెక్రటరీ, లోపల డిపార్ట్‌మెంటుకి ఇన్ఫార్మర్. బైరప్పకి టిక్కెట్టు, వీసా ఏర్పాటు చేసింది ఆవిడే.

“ఫిల్ము ఎందులో దాస్తాడో మల్లికి కూడా తెలియదు,” అన్నాడు చీఫ్. “కాబట్టి నువ్వు ఇంట్లో ఉండి కనిపెట్టు, అతన్ని ఆపకు. మద్రాసు కస్టమ్స్‌లో మనవాళ్లే దగ్గరుండి దాటిస్తారు. స్పెయిన్, ఫ్రాన్సు సరిహద్దున పిరెనీస్ కొండల్లో ఫిల్ము తీసుకోడానికి వచ్చే పెద్ద తలకాయని అక్కడ పట్టుకుంటాం.”

“తర్వాత మా అన్న?”

“పని అయ్యాక ఆ ముఠా కొరియర్లని బతకనివ్వదు.” చీఫ్ ఫైలు మూశాడు. “అది మన చేతిలో లేదు. నువ్వు ఒక్క మాట చెప్పినా అన్నదమ్ములిద్దరూ ఒకే కేసులో లోపలికి పోతారు. గుడ్ లక్.”

గుడ్ లక్ చెప్పడానికి శాంక్షన్ అక్కర్లేదు కాబట్టి డిపార్ట్‌మెంటు దాన్ని ధారాళంగా పంచుతుంది.

*

బైరప్ప ఇంటి గోడ మీద దక్షిణ యూరప్ ఉంది. బొగ్గుతో గీసుకున్నాడు. ఎప్పుడో ఫ్యాక్టరీలో మిషన్లు బిగించడానికి వచ్చిన ఒక స్పెయిన్ ఇంజనీరు ఆదివారాలు అతనితో కలిసి తళి కొండల్లో తిరిగేవాడు. మా దేశంలోనూ కాపరులు మందలు తోలుకుని వారాల తరబడి నడుస్తారు, గొర్రెల కోసమే పాతకాలం బాటలు ఉన్నాయి అని చెప్పాడు. ఆ మాట బైరప్పకి పట్టుకుంది. గొర్రెలు అమ్మేసి ఫ్యాక్టరీలో చేరాక అతని బతుకులో షిఫ్టులే మిగిలాయి. ఈ ఒక్క నడక నడిస్తే చాలనుకున్నాడు.

“ఇదో, ఈడ మొదలు,” గోడ కింది మూల చూపించాడు. “ఎండలు ముదరకముందే ఈ మైదానం దాటేయాల. నీళ్లు తక్కువంట. ఈ కొండల్లో మంచు కరిగేదాకా కిందనే నిలుస్తాను. ఆమీట ఫ్రాన్సు, సముద్రం పక్కనే. ఇటలీ అడ్డంగా దాటి, పడవెక్కి, గ్రీసు. చలి రాకముందే చేరాల.”

“రాత్రిపూట పండుకునేది యాడన్నా?”

“కాపరోళ్ల కొట్టాల్లో. గొర్రెలోడికి గొర్రెలోడు చోటియ్యడా? మాట తెలీకపోతే ఏమి, చేతిలో కర్ర చూస్తే తెలుస్తాది.”

మందలు తోలి తనని చదివించిన మనిషి. చిన్నపిల్లాడిలా గోడ ముందు నిలబడి నవ్వుతున్నాడు.

“ఈ ఏడు వద్దన్నా.”

“ఏమిరా, ఏమైంది?”

“ఊరికే. భయంగా ఉండాది.”

“ఇన్సూరెన్సోడివి కదా, నీకు అన్నీ భయమే!” అన్నాడు బైరప్ప. వదిన గంగక్క కూడా నవ్వింది.

ప్రసాదు కూడా నవ్వక తప్పలేదు. లోపల ఒళ్లు మండిపోతోంది. ఈ మనిషి దొంగ కాదని తెలుసుకోడానికి ఆ గోడ ఒక్కటి చూస్తే చాలు. కానీ చీఫ్ గోడలు చూడడు, ఫైళ్లు చూస్తాడు.

*

బయల్దేరే రోజు పొద్దున తెల్ల ఫియట్ వాకిట్లో ఆగింది. పుష్పవతి దిగి, ప్రసాదు పక్కన నిలబడి మెల్లగా కోడ్ చెప్పింది.

“వాన వచ్చేలా ఉంది.”

“గొడుగు ఢిల్లీలో మరిచాను.”

మండుటెండలో ఆ మాటలు విని డ్రైవరు కూడా ఆకాశం కేసి చూశాడు.

ఆవిడ డిక్కీలోంచి పెద్ద నీలం బ్యాగు తీయించింది. “క్లబ్బు వాళ్లు సర్ది పంపించినారప్పా. ఆడికి చేరేదాకా విప్పొద్దు. మళ్లా సర్దేది కష్టం.”

ప్రసాదుకి అప్పుడు అర్థమైంది. అన్న దాచేది ఏమీ లేదు. దాచిందేదో ముందే ఆ బ్యాగులో ఉంది. డిపార్ట్‌మెంటు చేతనే దాన్ని కస్టమ్స్ దాటించుకోడానికి ఆవిడ అన్న పేరు ఇచ్చింది. కానీ సాక్ష్యం ఏదీ? తనే బ్యాగు లాక్కుని విప్పితే దొరికిన ఫిల్ము బైరప్పదే అవుతుంది.

బైరప్ప బ్యాగు భుజాలకి తగిలించుకుని, పైన కంబళి వేసుకుని, కర్ర అందుకున్నాడు. ఇంటి వైపు దండం పెట్టి గడప దాటాడు. కారు తలుపు తెరిచి ఉంది.

“అన్నా! యాడికి?”

గంగక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “అయ్యయ్యో! బయలెల్లే మనిషిని ఎనక నుంచి పిలిచి యాడికని అడుగుతారేమప్పా?”

బైరప్ప నిలిచిపోయాడు. తమ్ముడి కేసి చూసిన చూపులో కోపం కంటే బాధే ఎక్కువ. వెనక్కి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. “నీళ్లు తే గంగీ.”

“టైము లేదు. ఫ్లైటు పోతాది!” అంది పుష్పవతి.

“పోతే పోనీమ్మా. మా ఇంట్లో ఒక పట్టింపు ఉండాది. నిలిచిపోయిన దారిమూట విప్పి, సామాన్లన్నీ నేల మీద పెట్టి, మళ్లా కట్టాల. మా నాయన మంద తోలేటప్పుడు కూడా అంతే.”

ప్రసాదు తెలిసే అడిగాడు. ఆ పట్టింపు అతనికీ తెలుసు.

కంబళి పరిచి బైరప్ప ఒక్కొక్కటే తీశాడు. బూట్లు. మేజోళ్లు. రెయిన్ కోటు. దిక్సూచి. మందుల డబ్బా. డబ్బా మూత తీసి గాయాల పట్టీల చుట్ట బయట పెట్టగానే పుష్పవతి వంగి దాన్ని అందుకుంది. “ఇది మట్టిలో పెట్టకూడదప్పా, నేను పట్టుకుంటాను.”

ప్రసాదు ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు.

“యూ ఫూల్,” అంది పుష్పవతి గొంతు తగ్గించి. “నేను మీ మనిషిని. చీఫ్‌ని అడుగు.”

“అడిగాను. ఫిల్ము ఎందులో ఉందో మీకు తెలియదన్నారు. ఇన్ని సామాన్లలో మీ చెయ్యి దీని మీదికే ఎట్లా పోయింది?”

ఆవిడ రెండో చేతిలోకి హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న పిస్తోలు వచ్చింది. గురి బైరప్ప గుండె మీద. ప్రసాదు డిపార్ట్‌మెంటు ఇచ్చిన గ్యాస్ పెన్ను జేబులోంచి తీసి నొక్కాడు. మత్తు గ్యాసు రాలేదు, ఇంకు కారింది.

చెంబుతో వచ్చిన గంగక్క ఇదంతా చూసి నీళ్లు పుష్పవతి మొహాన కొట్టింది. పిస్తోలు పేలి ఇంటి పెంకు ఎగిరింది. పుష్పవతి చెయ్యి విదిలించుకుని, చుట్టతో సహా కారు వైపు పరుగెత్తింది. డ్రైవరు అప్పటికే ఇంజను స్టార్టు చేశాడు. తలుపు అందుకోబోయేంతలో బైరప్ప మంద విడిచి పారిపోయే గొర్రెకి పెట్టినట్టే కాళ్ల మధ్య కర్ర పెట్టాడు. ఆవిడ బోర్లా పడింది. ఫియట్ ఆవిణ్ణి వదిలేసి పోయింది. పట్టీల చుట్ట విడిపోతూ దొర్లింది. లోపల నల్లగా ఫిల్ము.

*

జీపులు వచ్చాయి. పుష్పవతిని ఎక్కించారు. ముఠాని పసిగట్టింది తనేనని చీఫ్ ఢిల్లీకి రిపోర్టు పంపాడు. నీలం బ్యాగు, టిక్కెట్టు, పాస్‌పోర్టు కేసు తేలేదాకా సాక్ష్యం కింద ఉంటాయన్నాడు. అది రహస్య కేసు. అలాంటివి తేలవు.

“నువ్వు కావాలనే పిలిచినావు కదా?” అన్నాడు బైరప్ప, జీపులు వెళ్లాక.

“అవునన్నా. లేకపోతే నిన్ను చంపేసేవాళ్లు.”

“ముందురోజే చెప్పింటే నేనే నిలిచిపోయేవాణ్ణి కదరా. ఆ మూట వద్దని, వేరే మూటతో, వేరే దారిలో, పై ఏడన్నా పోయేవాణ్ణి.” కంబళి దులిపి మడిచాడు. “నన్ను నమ్మలేదు నువ్వు.”

ప్రసాదు అన్నని నమ్మాడు. చీఫ్‌కి భయపడ్డాడు. అన్న ప్రాణం కాపాడినందుకు సంతోషం కలగాల్సిన చోట సిగ్గు కలిగింది. బైరప్ప లోపలికి పోయి తడిగుడ్డతో గోడ తుడవడం మొదలుపెట్టాడు. గ్రీసు నుంచి మొదలుపెట్టాడు.

వానాకాలంలో ప్రసాదు మళ్లీ వచ్చాడు. సర్కారు కృతజ్ఞత చూపించింది. రాజముద్ర ఉన్న కవరు వదిన చేతికిచ్చాడు. అన్న అతనితో మాట్లాడటం మానేసి నెలలయింది. గంగక్క కవరు చించి, లోపలి అట్టముక్క మొగుడికి అందించింది. హోసూరు నుంచి కృష్ణగిరి దాకా జీవితాంతం ఉచిత బస్సు పాసు.

బైరప్ప దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మార్చి తర్వాత మొదటిసారి తమ్ముడితో మాట్లాడాడు.

“మంచిదేలే అప్పా. ఇంక నడిచే పని లేదు.”