గరుడాచార్‌పాళ్య వరకే

"అంబిక మన మనిషి కాదు" అన్నాడు చీఫ్ శామ్యూల్.

బళేపేటలో గాజుల కొట్టు వెనక గది. పెట్టుడు మీసం అంటించుకుంటున్న ఏజెంట్ నరసింహప్ప చెయ్యి ఆగిపోయింది. అంబిక అతని కొరియర్. పదకొండు నెలలుగా ప్రతి గురువారం మెట్రోలో పక్కకొచ్చి రిపోర్టు తీసుకునేది.

"సీటు ఖాళీనా?"

"మీ కోసమే."

అదే కోడ్. ఆ ఊళ్లో అతన్ని పలకరించే మనిషి ఆమె ఒక్కతే. గురువారం కోసం బుధవారమే చొక్కా ఇస్త్రీ చేసుకునేవాడు, వెర్రిబాగులవాడు.

"డబుల్ ఏజెంట్. మన పద్నాలుగు మంది పేర్లు ఆమె చెవికమ్మలోని చిప్‌లో ఉన్నాయి. పదింటికి కాడుగోడి స్టేషన్‌లో విదేశీ ముఠాకు ఇస్తుంది. ఇచ్చిందంటే పద్నాలుగు శవాలు."

"నా పేరు?"

"మొదటిదే."

"ఆమె మెట్రో ఎక్కే మెజెస్టిక్‌లోనే పట్టుకుంటే?"

"ఆమె పెన్నులో విషపు సూది ఉంది. రద్దీలో ఎవరికైనా గుచ్చేస్తుంది. ఖాళీ బోగీ కావాలి."

"పొద్దున తొమ్మిదింటికి, పర్పుల్ లైన్‌లోనా సార్!"

అన్నాడే గానీ ఉపాయం అప్పటికే తట్టింది. పని లేని రోజుల్లో కూడా ఆ లైన్‌లో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగేవాడు. గదిలో ఒక్కడే గోడలు చూస్తూ కూర్చోవడం కన్నా అనౌన్స్‌మెంట్లు వినడం నయం. ఏ వేళ ఏ రైలు ఎక్కడిదాకా పోతుందో కంఠతా వచ్చు.

మెజెస్టిక్‌లో రైలొచ్చింది. ముందు బోర్డు మీద గరుడాచార్‌పాళ్య అని వెలుగుతోంది, అంటే కాడుగోడిదాకా పోదు. అంబిక బోర్డు చూడలేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, అందులో ముఠా ఆదేశాలు. అందరిలాగే పక్కనున్న పెద్దాయన్ని అడిగేసింది.

"తాతా, ఇది కాడుగోడి పోతాదా?"

"పోతాది తల్లీ, ఎక్కు."

ఆ తాత నరసింహప్పేనని గుర్తుపట్టలేదు. మారువేషం కుదిరిందని సంతోషించాలి. అతనికి మాత్రం ఏడుపొచ్చింది.

కబ్బన్ పార్క్ దాటాక రైలు సొరంగంలోంచి ఎండలోకొచ్చింది. కె.ఆర్.పురంలో కొంత జనం దిగితే అంబిక స్తంభం పక్క సీట్లో కూర్చుంది. నరసింహప్ప పక్కనే చేరి గాజుల సంచి విప్పాడు.

"ఒక జత వేసుకో తల్లీ. ఇంకా బోణీ కాలే."

మామూలు ఆడపిల్లలా కనిపించాలని ఆమె కుడిచెయ్యి చాపింది. వేళ్లు మెల్లగా నొక్కి, ఒకదానికొకటి గొలుసు వేసిన స్టీలు గాజుల్లో మొదటిది ఎక్కించాడు. పదకొండు నెలల్లో అతను పట్టుకున్న మొదటి చెయ్యి అది. వదలబుద్ధి కాలేదు.

గరుడాచార్‌పాళ్య. ఈ రైలు ఇక్కడివరకే అని అనౌన్స్‌మెంట్. జనమంతా బిలబిలా దిగిపోయారు. అంబిక తలెత్తేసరికి బోగీ ఖాళీ. గబుక్కున లేవబోయింది.

టక్!

రెండో గాజు స్తంభానికి బిగుసుకుంది. ఎడమచేత్తో పెన్ను దూసింది. సూది అతని గుండె మీదికొచ్చి, చొక్కా గుండీకి తగిలి వంగిపోయింది. పెన్ను లాక్కుని, చెవికమ్మ తీసేశాడు.

అప్పుడు చూసింది అతని కళ్లలోకి. చిన్నగా నవ్వింది.

"సీటు ఖాళీనా?"

అలవాటు కొద్దీ జవాబు నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

ఆమెను పోలీసులు తీసుకుపోయాక ఫోన్ మోగింది. "శభాష్! రిపోర్టు రాయాలి. ఆమె అసలు పేరు, ఊరు, ఇష్టాలు... ఇన్ని నెలల్లో నీకు తెలిసిందేమిటి?" అన్నాడు శామ్యూల్.

నరసింహప్ప ఖాళీ ప్లాట్‌ఫాం మీద పెట్టుడు మీసం పీకేశాడు.

"గాజుల సైజు రెండు నాలుగు సార్."