ఇంజన్ లోపల తట్టినవాడు

కొత్తగూడెంలో మా షెడ్డు బస్టాండు వెనక సందులో ఉంటుంది. పాత కార్లు తెచ్చి వేగం పెంచమనే కుర్రాళ్ళే మా గిరాకీ. ఇంజన్ విప్పడం, టర్బో బిగించడం కిషన్‌లాల్ పని. నేనతన్ని కిషనన్నా అంటాను. బిగించిన టర్బో ఎంత గాలి తోయాలి, దానికి ఎంత పెట్రోలు పడాలి, నిప్పురవ్వ ఎప్పుడు రావాలి అన్నది ల్యాప్‌టాప్‌లోంచి సరిచేసేది నేను. నా పేరు ఉదయశ్రీ.

ఆ రోజు మాతో ఉన్నవాడు అనిల్‌కుమార్. సత్తుపల్లి దగ్గర తోటలున్న వెంకటరామారావుగారి అబ్బాయి. మా షెడ్డు ఉన్న జాగా కూడా వాళ్ళదే. అందుకే అతని నోటికి మేం అలవాటు పడ్డాం. అలవాటు పడ్డామే గానీ, అతను గేటు తీస్తుంటేనే నేను ల్యాప్‌టాప్‌లోకి తల దించేసేదాన్ని.

అతని ఎర్ర కారుకి పెద్ద టర్బో వేశాం. ఖాళీ రోడ్డు మీద పరుగెత్తించి చూడాలి. అది మామూలు పనే. అక్టోబరు నెల, సాయంత్రం. వాన వెలిసింది కానీ మబ్బు విడవలేదు.

"పొద్దున పోదాం అనిల్. రోడ్డు తడిగా ఉన్నది" అన్నాడు కిషనన్న.

"నీ సలహా అడిగానా? బండి ఇవ్వాళ రెడీ చేస్తారా, షెడ్డు ఖాళీ చేస్తారా?"

కిషనన్న నా వైపు చూశాడు. నేను ల్యాప్‌టాప్ తీసుకుని ముందు సీట్లో కూర్చున్నాను. కిషనన్న మంటలార్పే సిలిండరు ఒళ్ళో పెట్టుకుని వెనక ఎక్కాడు.

పాల్వంచ దాటాక, కిన్నెరసాని వైపు అడవిలోకి చీలిన రోడ్డు పట్టాం. కొత్తగా తారు వేసిన తిన్నటి రోడ్డు అది. రెండు పక్కలా టేకు చెట్లు. తడి ఆకుల వాసన, కొత్త తారు వాసన కలిసి గొంతులో పట్టుకుంటున్నాయి. ఎక్కడా పిట్ట కూత లేదు. అప్పటికింకా చీకటి పడలేదు గానీ చెట్ల కింద మాత్రం పడింది.

నేను హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఇంజన్ దిమ్మకి చిన్న మైకు బిగిస్తాం. దాని చప్పుడు బ్యాటరీతో నడిచే చిన్న పెట్టె గుండా నా చెవికి వస్తుంది. పెట్రోలు వేళకాని వేళ పేలితే లోపల గులకరాళ్ళు గిలక్కొట్టినట్టు వినబడుతుంది. అది వినగానే ఆపాలి. లేకపోతే ఇంజన్ పగిలిపోతుంది.

"మూడో గేరు. నేను చెప్పేదాకా నిండా తొక్కు" అన్నాను.

కారు ముందుకు దూకింది. టర్బో ఈల సన్నగా మొదలై పైకి లేచింది. తెర మీద అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. చెవిలో ఇంజన్ హోరు. ఆ హోరు అడుగున... టక్. టక్. టక్.

గులకరాళ్ళ చప్పుడు కాదది. ఇంజన్ వేగం పెరుగుతుంటే అది పెరగడం లేదు. ఒకే తీరుగా, ఓపిగ్గా... ఎవరో తలుపు తడుతున్నట్టు.

"వదులు" అన్నాను. అనిల్ కాలు తీశాడు. టర్బో తుస్సుమని గాలి వదిలింది. చెవిలో మాత్రం తట్టడం ఆగలేదు.

"ఏంటి? ఏమైంది?"

"తెలుస్తలేదు. బండి ఆపు. ఇంజన్ కూడా బంద్ చెయ్యి."

ఆపాడు. చుట్టూ ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆకుల మీంచి నీటి బొట్లు రాలుతున్నాయి. ఆగిపోయిన ఇంజన్‌లోంచి నా చెవిలోకి...

టక్. టక్.

తర్వాత ఊపిరి. ఇరుకులో ఉన్న మనిషి తీసే ఊపిరి.

"తియ్యండి బాబూ..."

మగ గొంతు. చిన్న వయసు గొంతు. ఎంతో మర్యాదగా...

"తియ్యండి బాబూ... ఊపిరాడతలేదు..."

హెడ్‌ఫోన్లు లాగేశాను. "కిషనన్నా... లోపల ఎవరో మాట్లాడుతున్నరు."

"నాటకాలా?" అంటూ అనిల్ నా చేతిలోంచి వాటిని లాక్కుని ఓ చెవికి ఆనించుకున్నాడు.

అతని మొహం వంకే చూస్తున్నాను. ముందు వెటకారం ఉంది. అది మెల్లగా కరిగిపోయింది. పెదాలు తెల్లబడ్డాయి. హెడ్‌ఫోన్లు అతని చేతిలోంచి జారి నా ఒళ్ళో పడ్డాయి.

"వీడు... వీడిక్కడికెలా వచ్చాడు?"

"ఎవరు అనిల్? ఎవరు?"

అనిల్ తాళం తిప్పి యాక్సిలరేటర్ని అడుగంటా తొక్కాడు. రెండో గేరు, మూడో గేరు, నాలుగు. టర్బో ఈల కీచుమంది. తెర మీద అంకెలు ఒక్కొక్కటే ఎర్రబడుతున్నాయి. తడి రోడ్డు మీద వెనక భాగం అటూ ఇటూ ఊగుతోంది. ఇప్పుడు హెడ్‌ఫోన్లు అక్కర్లేదు. తట్టడం మా కాళ్ళ కిందే వినబడుతోంది. డబ్... డబ్... డబ్...

"చస్తం! ఆపు!" వెనకనించి కిషనన్న అతని భుజం పట్టి గుంజాడు. అనిల్ మోచేత్తో అతని మొహం మీద పొడిచాడు. "ఉదయా! బంద్ చెయ్!"

ల్యాప్‌టాప్‌లోంచి పెట్రోలు ఆపేశాను. ఇంజన్ చచ్చిపోయింది. కారు తన ఊపు మీద చాలా దూరం జారి, రోడ్డు మధ్యలో నిలిచింది. అప్పటికి చీకటి రోడ్డు మీదికి వచ్చేసింది. ముందు దీపాలు తప్ప వెలుగు లేదు.

అనిల్ స్టీరింగ్‌కి నుదురు ఆనించాడు. ఏడుస్తున్నాడనుకున్నాను. కానీ కాదు, పళ్ళు కొరుకుతున్నాడు.

"అప్పుడు డిక్కీ తియ్యలేదు. ఇప్పుడు తీస్తాను. వస్తావా? రా!" అంటూ తలుపు తన్ని దిగాడు.

"పోకు అనిల్..." కిషనన్న ముక్కులోంచి కారే రక్తం తుడుచుకుంటూ అన్నాడు.

అనిల్ బానెట్ ఎత్తాడు. రేకు అడ్డమొచ్చి అతను మాకు కనబడలేదు. ఎందుకు చేశానో ఇప్పటికీ తెలీదు... హెడ్‌ఫోన్లు మళ్ళీ చెవికి పెట్టుకున్నాను.

ముందు అనిల్ ఊపిరి వినబడింది. మైకు మీదికి వంగాడు కాబోలు. దాని పక్కనే ఇంకో ఊపిరి. రెండూ ఒకదానికొకటి ఎదురుగా.

ఈసారి ఆ గొంతులో మర్యాద లేదు. బతిమాలడమూ లేదు.

"తీసినవ్ కదా. ఇగ నువ్వు రా."

అనిల్ అరవలేదు. బానెట్ దానంతటదే దిగి మూసుకుంది. దాని వెనక ఎవరూ లేరు.

ఇద్దరం దిగాం. ఫోన్ లైట్లు వేసుకుని రోడ్డు రెండు వైపులా వెతికాం. పిలిచాం. మా పిలుపులు చెట్లలోకి వెళ్ళి అక్కడే ఆగిపోతున్నాయి. చివరికి కిషనన్నకే దొరికాడు. టేకు చెట్ల అవతల, వాననీళ్ళు నిలిచిన గుంతలో, మోకాళ్ళు గడ్డానికి ఆనించి ముడుచుకుని కూర్చున్నాడు. ఏదో పెట్టెలో కుక్కినట్టు. ఎంత లాగినా కాళ్ళు చాపలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

అటుగా వచ్చిన ట్రాక్టరును ఆపి పాల్వంచ దవాఖానాకి చేర్చాం. వెంకటరామారావుగారు కారేసుకుని వచ్చారు. కొడుకుని ఒక్కసారి చూసి, నన్ను వరండాలోకి పిలిచారు. జరిగింది చెప్పాను. ఎగతాళి చేస్తారనుకున్నాను. ఆయన గోడకి ఆనుకున్నారు.

"వాడు... ఆ ఇప్పపూలేరే కుర్రాడు... బాబూ అని పిలిచాడా?"

"అవ్ సార్. ఎవరు సార్ అతను?"

ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించారు. ఆ గొంతు అనిల్‌దిలాగే ఉంది.

"ఈ మాట ఇంకెవరి ముందైనా అన్నావంటే, నీకు షెడ్డే కాదు, ఊరే ఉండదు. ఆ బండిని తుక్కు చెయ్యండి."

అనిల్ ఇప్పటికీ మాట్లాడడు. ముడుచుకునే పడుకుంటాడట. గది తలుపు మూస్తే మాత్రం తలతో తడతాడట.

కారును లారీ మీద షెడ్డుకి తెచ్చాం. తుక్కు చేసే ముందు కిషనన్న ఇంజన్ విప్పాడు. పిస్టన్లు బాగున్నాయి. టర్బో చక్రం మీద గీత కూడా లేదు. దాని తర్వాత, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఊడదీశాడు. ఫిల్టరు దాటి, తిరిగే చక్రం దాటితే గానీ అందులోకి ఏదీ రాలేదు. వచ్చినా పొడైపోయే వస్తుంది.

"ఇది బరువున్నదేంది?" అంటూ బోర్లించాడు.

ఇప్పపూలు రాలాయి. వేసవి మొదట్లో తప్ప రాలని పూలు. ఒక్కటీ నలగలేదు. తేమతో మెరుస్తున్నాయి, కొద్దిగా వెచ్చగా ఉన్నాయి. నేల మీద గుప్పెడయ్యాయి, చేటెడయ్యాయి. ఆ డబ్బాలో అన్ని పట్టవు.

కిషనన్న దాన్ని తిప్పి నిలబెట్టి నేల మీద పెట్టేశాడు. ఇద్దరం వెనక్కి జరిగాం.

పూలు ఇప్పుడు దాని నోట్లోంచి పైకి పొంగుతున్నాయి.