మాస్టారి లాగిన్

ఆదివారం మధ్యాహ్నం. ఆఫీసులో నేనొక్కదాన్నే ఉన్నాను.

మాది ఇళ్ళకీ దుకాణాలకీ ప్లాన్లు గీసే చిన్న ఆఫీసు. ఆరు కంప్యూటర్లు, ఒక పెద్ద ప్రింటరు, గోడ పొడవునా చుట్టలు చుట్టిన కాగితాలు. డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్ బాగా పాతబడిపోయింది. బయటివాళ్ళు పంపే ఫైళ్ళు మా దాంట్లో తెరుచుకోవడం మానేశాయి.

"సెలవురోజు ఒక పూట కూర్చుని కొత్త వెర్షన్ ఎక్కించేయమ్మా. పాత డ్రాయింగులన్నీ అందులోకి మార్చేస్తే ఓ పనైపోతుంది" అన్నారు మా సారు.

ఎక్కించడం గంటలో అయిపోయింది. డ్రాయింగులు మార్చే పని దానికి అప్పగించి టీ కలుపుకున్నాను. ఒక్కో ఫైలు పేరూ తెర మీదికి వస్తోంది, పక్కన పచ్చ గుర్తు పడుతోంది. బయట మబ్బు కమ్మి గది మసగ్గా అయింది. లైటు వేద్దామనుకుంటూనే బద్ధకించాను.

మూడొందల పన్నెండో ఫైలు దగ్గర ఆగిపోయింది.

మెట్ల డ్రాయింగు.

గుక్కెడు టీ నోట్లోనే ఉండిపోయింది.

నాలుగేళ్ళ కిందట మా దగ్గర ఒక పెద్దాయన ఉండేవారు. అందరం మాస్టారనేవాళ్ళం. నాకు పని నేర్పింది ఆయనే. ఎవరు ఏం గీసినా "కొలత చూసుకున్నావా తల్లీ?" అని అడగకుండా కాగితం గడప దాటనిచ్చేవారు కాదు. ఒకరోజు ఆయన తలనొప్పితో పక్క బల్ల మీద వాలిపోతే, ఆయన సీట్లో కూర్చుని, ఆయన లాగిన్‌లోనే ఆ మెట్ల డ్రాయింగు నేను ముగించాను. మెట్ల కాంక్రీటులో వేసే ఇనుప చువ్వల మధ్య దూరం నూట యాభై మిల్లీమీటర్లు ఉండాలి. రెండొందల యాభై అని కొట్టాను. మళ్ళీ చూసుకోలేదు. ఇల్లు కడుతుండగానే మెట్ల మలుపు కూలింది. కింద ఉన్న మేస్త్రికి నడుము విరిగింది.

సారు మమ్మల్నందర్నీ నిలబెట్టి అడిగారు. ఫైల్లో మాస్టారి పేరుంది. ఆయన ఒక్కసారి నా వైపు చూశారు. నేను వంగి చెప్పు పట్టీ సర్దుకున్నాను.

"నా పొరపాటే సార్" అన్నారాయన.

ఆ సాయంత్రమే ఉద్యోగం మానేశారు. ఏడాది తిరక్కుండా పోయారు. పలకరించడానికి వెళితే వాళ్ళమ్మాయి నన్ను పక్కకి పిలిచి, "నిజంగా నాన్నే చేశారా అక్కా?" అని అడిగింది. నేను ఏడ్చాను. ఏడిస్తే ఇక జవాబు చెప్పక్కర్లేదు కదా.

ఇప్పుడు తెర మీద ఒక మాట. ఈ ఫైలు వాడుకలో ఉంది. కింద, వాడుతున్నవారి పేరు.

మాస్టారిది.

పాత లాగిన్ ఎక్కడో మిగిలిపోయి ఉంటుందిలే అనుకున్నాను. లేచి వెళ్ళి చూశాను. మిగతా ఐదు కంప్యూటర్లూ ఆపేసే ఉన్నాయి. అయినా ప్లగ్గులు పీకేశాను. తిరిగొచ్చి మళ్ళీ నొక్కాను. అదే మాట. అదే పేరు.

అప్పుడు వాసన వచ్చింది... ఆయన నుదుటికి రాసుకునే తలనొప్పి మందు. ఘాటుగా. మూలనున్న ఆయన పాత సీటు వైపు నుంచి.

టిక్. టిక్ టిక్.

మౌసు నొక్కుతున్న చప్పుడు. ఆ సీట్లో ఎవరూ లేరు.

ఫైలు దానంతటదే తెరుచుకుంది. మెట్లు. చువ్వలు. రెండొందల యాభై. ఆ అంకె చుట్టూ ఒక ఎర్ర గీత... మెల్లగా... తిరుగుతోంది. చుట్టూ... మళ్ళీ చుట్టూ... నా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

చెవి పక్కన గుసగుసగా, "కొలత చూసుకున్నావా తల్లీ?"

కోపం లేదు ఆ గొంతులో. ఎప్పటిలాగే అడిగారు. అదే నేను తట్టుకోలేకపోయాను.

"చూసుకోలేదు మాస్టారూ... నేనే... నేనే కొట్టాను..."

వరండాలోకి పరుగెత్తి వాళ్ళమ్మాయికి ఫోన్ చేశాను. వెక్కుతూ అంతా చెప్పేశాను.

"నాకు తెలుసక్కా. అమ్మ పోయేముందు చెప్పింది. నాన్న తనకి చెప్పారట. నువ్వొచ్చి ఒప్పుకుంటావని అమ్మ చివరిదాకా వీధి తలుపు వైపే చూసింది."

ఫోన్ పెట్టేసింది.

లోపలికి వెళ్ళేసరికి వాసన లేదు. అన్ని ఫైళ్ళకీ పచ్చ గుర్తు పడి ఉంది.

సోమవారం సారుకి కూడా చెప్పాను. తిట్టలేదు. నా ముఖం చూడకుండా, "వెళ్ళి పని చూసుకో" అన్నారు. తిట్టినా బాగుండేది.

వచ్చి కూర్చున్నాను. మార్చిన ఫైళ్ళ జాబితా చివర నేనెరగని ఫైలు ఒకటి కనిపించింది. తెరిచాను. ఒక ఇంటి ప్లాను. వంటగది కిటికీ ఎటు ఉందో చూశాక గుర్తుపట్టాను... అది మా ఇల్లు. నేనెప్పుడూ గీయలేదు. ఎవరూ వచ్చి కొలవలేదు. పడకగదిలో నా మంచం ఉంది. మంచం తల దగ్గర ఒక కుర్చీ ఉంది. రెంటికీ మధ్య దూరం వేసి ఉంది, ఆరొందల మిల్లీమీటర్లు.

మా పడకగదిలో కుర్చీ లేదు.

ఫైలు చెరిపేశాను. ఇవాళ పొద్దున చూస్తే మళ్ళీ ఉంది. ఇప్పుడు దూరం నాలుగొందల యాభై.