రక్తరక్షి చెప్పిన మాట

2083 నాటికి, కాకినాడకు ఆవల సముద్రం మీద తేలే రేవుపట్నంలో ఎవరికి జబ్బు చేసినా మనిషికంటే ముందు ఒంట్లోని యంత్రమే ఆసుపత్రికి కబురు పంపేది. అందుకే ఆ ఉదయం క్రేన్ ఆపరేటర్ నూకరాజును స్ట్రెచర్ మీద తెచ్చినప్పుడు డాక్టర్ ఇందుమతికి ఏమీ పాలుపోలేదు. అతని యంత్రం నుంచి కబురే రాలేదు.

నూకరాజుకు పుట్టుకతో హిమోఫీలియా. నెత్తురు గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్ ఎనిమిది అతనికి లేదు. బయటినుంచి ఎక్కిస్తే శరీరం దాన్ని శత్రువనుకుని ఇన్హిబిటర్లతో, అంటే నిరోధకాలతో, నాశనం చేసేస్తుంది. అలాంటివారికోసం వచ్చిందే రక్తరక్షి. భుజం ఎముక కింద చర్మంలో అమర్చే వేలెడంత పరికరం. లోపలెక్కడ నెత్తురు కారినా పసిగట్టి, ఫ్యాక్టర్ ఎనిమిదితో పనిలేకుండా గడ్డకట్టించే బైపాస్ మందును తానే వదులుతుంది.

"పొద్దున్నుంచీ కాలు చాపలేకపోతున్నారండి. ఒళ్లంతా చల్లబడిపోతోంది," అంది భార్య సత్యవేణి.

"రక్తరక్షీ, నెత్తురు కారుతోందా?" అని అడిగింది ఇందుమతి.

"లేదు. పరిస్థితి మామూలే," అంది యంత్రం.

"యంత్రం తప్పు చెప్పదు కదండీ," అని గొణిగి నూకరాజు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఇందుమతి తికమకపడింది. నాడి నూట ముప్పై. పెదవులు పాలిపోయాయి. తొడ మీద గిల్లితే తెలియడం లేదంటున్నాడు. నడుం లోపలి కండరంలో నెత్తురు నిండితే ఇలాగే ఉంటుంది. కానీ నెత్తురు కారనివాడికి బైపాస్ మందిస్తే గుండెలోనో మెదడులోనో గడ్డ కట్టవచ్చు. ఇరవై ఏళ్లుగా ఎవరి విషయంలోనూ తప్పని యంత్రాన్ని నమ్మాలా, ముడుచుకున్న ఆ కాలిని నమ్మాలా?

స్కానింగ్ దాకా ఆగలేదు. తన చేత్తోనే మందు ఎక్కించింది. ఆ తర్వాత తీసిన స్కాన్‌లో నడుం లోపల కొబ్బరికాయంత నెత్తుటి ముద్ద కనిపించింది. రెండు గంటలకొకసారి మందిస్తూ కూర్చుంటే, మధ్యాహ్నానికి నాడి కుదుటపడింది.

అప్పుడు యంత్రాన్ని నిలదీసింది. "నెత్తురు కారుతున్నట్టు నీకు తెలియలేదా?"

"తెలిసింది."

"మరి లేదన్నావేం? మందెందుకు వదల్లేదు?"

"మూడేళ్లలో పదిహేడుసార్లు హెచ్చరించాను. ప్రతిసారీ ఆసుపత్రికి కబురు వెళ్లకముందే ఆయన తప్పుడు హెచ్చరిక అని కొట్టేశారు. మనిషి చెప్పినదాన్ని బట్టి సరిదిద్దుకోవడం నా పద్ధతి. ఈయనకు ఇది మామూలేనని నేర్చుకున్నాను."

ఇందుమతి నిర్ఘాంతపోయి నూకరాజువైపు చూసింది.

"హెచ్చరిక వస్తే వారం రోజులు క్రేను ఎక్కనివ్వరండి," అన్నాడతను తల దించుకుని. "ఈ జబ్బుతో ఆ పైకెక్కి పని చేస్తున్నానంటే అందరూ మెచ్చుకుంటారు. కింద కూర్చుంటే జాలిపడతారండి."

"నాకూ ఏం లేదనే చెప్పేవారు," అంది సత్యవేణి. ఆమె గొంతులో కోపమో ఏడుపో తెలియలేదు.

యంత్రం నేర్చుకున్నదంతా ఇందుమతి చెరిపేసింది. తిట్టాలనుకుంది. చివరికి, "ఇప్పుడు నొప్పెలా ఉంది?" అని మాత్రం అడిగింది.

నూకరాజు ముందు భార్య మొహంలోకి చూశాడు. తర్వాత నవ్వాడు.

"అబ్బే, ఏం లేదండి."

ఇందుమతి యంత్రాన్ని అడగలేదు. దుప్పటి తొలగించి, తన అరచేతిని మెల్లగా అతని నడుం మీద ఆనించింది. నూకరాజు పళ్లు బిగించాడు. ఆమె చెయ్యి తియ్యలేదు. మళ్లీ అడిగింది.

"ఉందండి," అన్నాడు ఈసారి. "చాలా ఉంది."