గడప దగ్గర ఆపేసిన కంచం

ఇలా దగ్గరికి జరుగు తల్లీ. పట్టుపురుగులకు ఆకు తరుగుతూనే చెబుతాను, నీ చెవి మాత్రం నా వైపు ఉంచు. కెలమంగలంలో మా ఇంట్లో ఆ ఎనిమిది రోజులు జరిగినదంతా నాకు నిన్నటిలాగే ఉంది.

రెండు వేల మూడో సంవత్సరం, ఆషాఢం. పొద్దున్నే మా కోడలు అమ్మణి కంచంలో రాగి ముద్ద, చారు పెట్టుకుని గదిలోకి పోబోయింది. లోపల నా మనుమరాలు వినుత గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పెద్ద ఊరిలో హాస్టల్లో ఉండి, నాలుగేళ్ళుగా యూనివర్సిటీలో రీసెర్చి చేస్తున్న పిల్ల. పది రోజులు సెలవని చెప్పి వచ్చి, చాప మీద వాలింది, అంతే. సరిగ్గా తిండి లేదు, తల దువ్వుకోవడం లేదు.

నేను గడపలోనే కోడలిని ఆపాను.

"పిలవద్దు అమ్మణీ. చదివి చదివి అలిసిపోయి ఉండాది. మన పట్టుపురుగులు చూడు, తోలు మార్చే ముందర మేత మాని పడుకుంటాయి. అప్పుడు ఆకు వేస్తామా? తాకుతామా? టైము వస్తే అదే లేస్తాది."

"పురుగూ పిల్లా ఒకటేనా అత్తా?"

"నలభై ఏండ్లు మేపినాను. నాకు తెలీదా?"

అమ్మణి కంచం వెనక్కి తీసుకుపోయింది. ఆ మాట అన్న నోరు నాదే తల్లీ, ఇంకెవరిదీ కాదు.

నా కొడుకు మారప్ప అరుగు మీద పక్కింటి ఈరప్పతో మాటల్లో ఉన్నాడు.

"ఇంకో ఆరు నెలలు. మా వినుత డాక్టరు అయిపోతాదప్పా."

"సూది వేయని డాక్టరు నాకేటికప్పా? నా మోకాలు చూస్తాదా?"

"నీ మోకాలికి గొడ్ల డాక్టరు చాలు, పో!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వు గదిలోకి వినబడుతుందని మాలో ఒక్కరికీ తోచలేదు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఒక ఆడమనిషి మా ఇల్లు ఏదని అడుగుతూ వచ్చింది. వెలిసిన చీర, బస్సు దుమ్ము. నీళ్ళిస్తే తాగలేదు.

"వినుత ఉండాదా?"

"ఉండాది. నువ్వెవరమ్మా?" అన్నాను.

"ఉండాది అంటే... ప్రాణంతో ఉండాది కదా?"

మారప్ప దిగ్గున లేచాడు. "ఏం మాటమ్మా అది? మా ఇంటి ముందర నిలబడి!"

"కోపం వద్దప్పా. నా పేరు కాంతమ్మ. నేను పుట్టింది ఈ పక్కన అత్తిముగంలోనే. మీ పిల్ల ఉండే హాస్టల్లో గదులు ఊడుస్తాను. ఊరికి వస్తా వస్తా దుప్పటి, వాచీ, టేబుల్ ల్యాంపు అన్నీ నాకిచ్చేసింది. నాకింక పని లేదక్కా, నువ్వే వాడుకో అనింది. రెండేండ్ల కింద అదే వరస గదుల్లో ఇంకో పిల్ల నాకు స్వెట్టరు ఇచ్చింది. సంతోషంగా తొడుక్కున్నాను. నాలుగో దినం ఆ పిల్ల గది తలుపు తీసింది నేనే."

అమ్మణి చేతులు ఆమెకు తెలియకుండానే చెవుల దగ్గరికి పోయాయి.

"అత్తా, వచ్చిన దినమే ఈ కమ్మలు తీసి నాకిచ్చింది. నీకే బాగుంటాయమ్మా అనింది. నేను... నేను అద్దంలో చూసుకున్నాను."

"హాస్టల్ ఆఫీసులో చెప్పలేదా?" మారప్ప గొంతు తగ్గింది.

"చెప్పినాను. ఇస్తే తీసుకో, కథలు అల్లొద్దు అన్నారు. మీ అడ్రసు కోసం వారం తిరిగినాను."

"చదువుకు నేనేం తక్కువ చేసినాను? ఫోనులో ఒక్క మాట అన్నాను. పట్టా లేకుండా ఊర్లోకి రావద్దని. తండ్రి ఆ మాత్రం అనడా?"

"రీసెర్చి చూసే గైడు సారు ఆ పిల్ల రాసిందంతా ఎనిమిది నెలలుగా బీరువాలో పెట్టుకున్నాడు. అడిగినప్పుడల్లా మేకలు కాచుకో పో అంటాడు. వరండా ఊడుస్తా నా చెవులతో విన్నాను. ఆడ ఆయనట్ల, ఈడ నువ్విట్ల. మధ్యలో పిల్ల యాడికి పోతాదప్పా?"

ఎనిమిది రోజులు ఆ గదికి కాపలా కాసి, బిడ్డ దగ్గరికి ఒక్కరినీ పోనివ్వలేదు నేను.

"దాచకుండా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు," అంది కాంతమ్మ.

లోపలికి పోయి వినుత పాదాల దగ్గర కూర్చున్నాను. ఎందరికో పురుడు పోశాను, ఎందరి కళ్ళో మూశాను, ఆ ఒక్క మాట అడగడానికి మాత్రం నాలుక తిరగలేదు.

"చచ్చిపోవాలని ఉండాదా తల్లీ?"

గోడతో చెప్పినట్టు చెప్పింది.

"ఉండాది అవ్వా."

మారప్ప నేలమీద కూలబడ్డాడు. "ఆ చదువు వద్దులేమ్మా. పోతే పోనీ. నాకు నువ్వుంటే చాలు."

"నువ్వు పోనీ అంటే పోయేది కాదు నాయనా. నాకే తెలీదు ఎట్ల పోతాదో."

ఆ రాత్రి కాంతమ్మతో కలిపి నలుగురం వినుత చుట్టూ కూర్చున్నాం. కూర్చోవడం తప్ప ఏం చేయాలో ఎవరికీ తెలియదు.

తెల్లారి మొదటి బస్సుకే క్రిష్ణగిరిలో మనసు జబ్బుల డాక్టరు దగ్గరికి పోయాం. కాంతమ్మా వచ్చింది. డాక్టరు వినుతతో గంటసేపు మాట్లాడి, మందులు రాసి మమ్మల్ని పిలిచాడు. లేవబోతుండగా వినుత ఆగింది.

"సార్, అక్కని కూడా చూడండి. ఆ తలుపు తీసినప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు. ఎవురూ అడగలేదు."

"నాకేమి పాపా, ఊడ్చేదాన్ని," అంటూ కాంతమ్మ వెనక్కి జరిగింది.

డాక్టరు కుర్చీ చూపించి, "కూర్చోండమ్మా. మీరూ చెప్పండి," అన్నాడు.

కూర్చుందో లేదో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కుమిలిపోయింది. రెండేళ్ళ ఏడుపు అది. వినుత చెయ్యి చాచి ఆమె చెయ్యి పట్టుకుంది. అన్ని రోజుల్లో ఆ బిడ్డ తనంతట తాను చెయ్యి చాచింది అప్పుడే.

చదువు ముగిసిందా అని అడుగుతావు, అందరూ అదే అడుగుతారు. వినుత ఉందా అని అడుగు. ఉంది. కొన్నాళ్ళు బాగుంటుంది, కొన్నాళ్ళు ఏమీ బాగుండదు. అప్పుడు ఎవరమో ఒకరం పక్కన కూర్చుంటాం. అంతకు మించి ఈ ముసలిదానికి చేతకాదు.

ఇది నీ దగ్గరే ఆపుకోవద్దు తల్లీ. పిల్లలున్న ప్రతి ఇంట్లో చెప్పు, ఆ పిల్లల గదులు ఊడ్చేవాళ్ళకూ చెప్పు. నంజవ్వ తప్పు చేసిందని నా పేరు పెట్టే చెప్పు. సిగ్గుపడను.